పన్నెండో నంబరు దుప్పటి

"జాగ్రత్త ఆర్జియా, అది మన దుప్పటి కాదు," అన్నాడు ఎర్మెస్, నేను ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకోగానే.

మనదైతే కాల్చినా ఫరవాలేదన్నమాట. ఇరవై ఏడేళ్లుగా ఈ ఇంట్లో ప్రతి బట్టా నా చేతిమీదుగానే ఇస్త్రీ అవుతోంది. ఇస్త్రీపెట్టె ఏ అరలో ఉంటుందో కూడా అతనికి తెలియదు. అయినా ఏడాదికోసారి, వసంతంలో మాయెస్త్రో ఇంటి మ్యూజియం తలుపులు తెరిచే ముందు రోజు, నా వెనకాలే నిలబడి పర్యవేక్షిస్తాడు. నార దుప్పటిని తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చెయ్యాలి, అంచు నుంచి మధ్యకి రావాలి, ఎర్ర దారంతో కుట్టిన అక్షరాల దగ్గరకొచ్చేసరికి తిరగేసి వెనక వైపునుంచి ఒత్తాలి. ఇవన్నీ నాకే నేర్పుతాడు. నేర్పుతూ నా మెడ మీద ఊపిరి వదులుతాడు. ఆ ఊపిరిలో మధ్యాహ్నం తిన్న ఉల్లిపాయ వాసన ఉంటుంది. ఇస్త్రీ ఆవిరిలో అదీ కలుస్తుంది.

మాయెస్త్రో అంటే అదెల్మో బరోజ్జి. మా పియెవెల్లాలో పుట్టి పేరు తెచ్చుకున్నవాడు ఆయనొక్కడే. ఏడు ఒపేరాలు రాశాడు. ఏడింటిలోనూ చివరి అంకంలో ఒక ఆడది చచ్చిపోతుంది. చచ్చేముందు ఇరవై నిమిషాలు పాడుతుంది. చుట్టూ అంతమంది నిలబడి వింటారు గానీ ఒక్కడూ డాక్టరు కోసం పరిగెత్తడు. ఆయన చిన్నప్పుడు పెరిగిన ఇల్లే ఇప్పటి మ్యూజియం. దాన్ని నడిపేది మాయెస్త్రో మిత్రమండలి. మండలిలో పదకొండు మంది మగవాళ్లు, అధ్యక్షుడు మా ఆయన. భార్యలు సభ్యులు కారు. మేం కేకులు చేస్తాం, కిటికీలు తుడుస్తాం, తివాచీలు దులుపుతాం, ఏటా ఉపన్యాసాలయ్యాక గ్లాసులు కడుగుతాం.

"నిన్న కమిటీలో ఒక మంచి ఆలోచన వచ్చింది," అన్నాడు ఎర్మెస్. అతని మంచి ఆలోచనలన్నిటికీ చివర ఒక బకెట్టు ఉంటుంది కాబట్టి నేను తలెత్తలేదు. "మ్యూజియంలో ఆ వంటిల్లు చచ్చినట్టు పడి ఉంది. జనం తొంగిచూసి వెళ్లిపోతున్నారు. అందుకని అందులో మాయెస్త్రో తల్లిని కూర్చోబెడదామని. కుచ్చుల టోపీ, ఏప్రాన్ వేసుకుని, పిండి పిసికి, మాంసం కూరి, అనొలీని బిళ్లలు చుడుతూ ఉంటుంది. జీవం వస్తుంది కదా."

"ఎవర్ని కూర్చోబెడతారు?"

"నిన్నే. అందరూ చేతులెత్తారు. ఒక్కడు కూడా వద్దనలేదు తెలుసా?" నాకేదో బహుమతి వచ్చినట్టు చెప్పాడు. "ప్రతి ఆదివారం మూడింటి నుంచి ఆరింటి దాకా. రేపే మొదలు. సంగీతం ప్రొఫెసర్ తల్యవీని వస్తున్నాడు, ఫొటోలు తీస్తారు. నువ్వెలాగూ ఆదివారం ఖాళీయే కదా."

ఇస్త్రీపెట్టె నిలబెట్టాను. లేకపోతే ఇంకో దుప్పటి కాలేది.

ఆదివారం మూడింటి నుంచి ఆరింటి దాకా. వారం మొత్తంలో నాకున్నవి ఆ మూడు గంటలే. కిందటేడాది మోకాలికి డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. ఆదివారం అనీ, మూడు గంటలనీ, ఒక్కదాన్నే అనీ ఆయన అనలేదు, అవి నేను చేర్చాను. భోజనాలయ్యి, గిన్నెలు కడగడం అయ్యి, మా అత్తగారు కునుకు తీస్తూ, ఎర్మెస్ టీవీలో బంతాటని తిడుతూ ఉండగా నేను సైకిలు తీసుకుని పో నది కరకట్ట ఎక్కుతాను. పోప్లార్ చెట్ల కింద కూర్చుంటాను. ఒక పుస్తకం, ఒక బేరిపండు. కొన్ని వారాలు పుస్తకం తెరవను కూడా. ఇసక పడవలు పోతుంటే చూస్తాను. ఎవరూ నన్నేమీ అడగరు. ఆ మూడు గంటల మీద నిలబడే మిగతా వారమంతా నేను మనిషిలా మాట్లాడగలుగుతున్నాను. వాటినే వాళ్లు చేతులెత్తి తీసేసుకున్నారు.

"నేను ఖాళీ కాదు," అన్నాను.

"ఏం పని?"

చెప్పడానికి ఏమీ లేదు. నా పని ఏమీ లేకపోవడమే అని సర్వేయరుగా రిటైరైన మనిషికి ఎలా చెప్పాలి? కొలిచి చూపించమంటాడు.

కుర్చీలోంచి మా అత్తగారు ఇయోలే అందుకుంది. ఆవిడకి ఎనభై ఒకటి. చెవులు తనకి కావలసినప్పుడు బాగా పనిచేస్తాయి. "చెయ్యమ్మా, చెయ్యి. ఇంట్లో చేస్తే ఎవరు చూస్తారు? అక్కడ నలుగురూ చూస్తారంటే పిండైనా కాస్త పల్చగా వత్తుతావు."

"మీరు కూర్చోండి అత్తయ్యా. అసలు తల్లి మీరే కదా."

"నేనా? నా వంట తిని నా కొడుకు సర్వేయరయ్యాడు. మాయెస్త్రో కాలేదుగా!" అని తన జోకుకి తనే నవ్వుకుంది. ఎర్మెస్ కూడా నవ్వాడు. వాళ్లిద్దరికీ మాట కుదరడం అంటూ జరిగితే అది నా పని గురించే.

ఇక ఈ దుప్పటి కథ. మాయెస్త్రో పడకగదిలో మంచం మీద పరిచి ఉండేది. మడత మీద ఎర్ర దారంతో 'ఎ.బి.' అనీ, దాని కింద '12' అనీ కుట్టి ఉంటుంది. ఎ.బి. అంటే అదెల్మో బరోజ్జి అని మిత్రమండలి తేల్చింది. మరి పన్నెండు? ఇక్కడే మా ఆయన మేధస్సు మెరిసింది. పన్నెండో ఏట అదెల్మో సంగీతం నేర్చుకోవడానికి పర్మా వెళ్లాడు. కాబట్టి కొడుకు గొప్పవాడవుతాడని ముందే తెలిసిన తల్లి, కన్నీళ్లతో, ఆ ఏడు గుర్తుగా కుట్టింది. దీని మీద ఎర్మెస్ నలభై పేజీల పుస్తకం వేశాడు. టైపు చేసింది నేను. వాక్యాలకి కర్తని, క్రియని వెతికి కలిపింది నేను. చివర కృతజ్ఞతల్లో 'నా భార్య ఓపికకి' అని ఉంది. బొలోన్యాలో నేను సాహిత్యం చదివి పట్టా పుచ్చుకున్నాను. చదివిన ఆడవాళ్లని మా దేశంలో, లేడీ డాక్టరుని పిలిచినట్టే, 'దొత్తొరెస్సా' అని పిలుస్తారు. నన్ను ఒకసారి చేపల దుకాణం అతను అన్నాడు గానీ, తిరిగి చూస్తే నా వెనకాల లేడీ డాక్టరు నిలబడి ఉంది.

టైపు చేస్తూనే చెప్పాను. "ఎర్మెస్, దుప్పట్ల మీద మగవాళ్ల పేర్లు కుట్టరు. అది పెళ్లికూతురి సారె. డజను దుప్పట్లు, ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు వేస్తారు, ఉతికినప్పుడల్లా వంతులవారీగా వాడటానికి. అక్షరాలు పుట్టింటి పేరువి."

"నీకు అన్నీ బట్టల్లాగే కనిపిస్తాయి," అన్నాడు. జాలిగా అన్నాడు. అతను కోపంగా అన్నవన్నీ మర్చిపోయాను గానీ ఇది గుర్తుండిపోయింది.

ఆదివారం పొద్దున దుప్పటి పట్టుకుని మ్యూజియంకి వెళ్లాను. అక్కడ శుభ్రం చేసే నివెస్ అప్పటికే మెట్లు కడుగుతోంది. డెబ్బై ఏళ్ల మనిషి. ఆ ఇంటిని ఆవిడ కడిగినంతగా బరోజ్జి కుటుంబం కూడా కడిగి ఉండదు.

"అమ్మా మాయెస్త్రో తల్లీ, వచ్చారా?" అంది. "మీ బాబుకి అనొలీని చుడతారట కదా."

"నీకెవరు చెప్పారు?"

"మీకు తప్ప ఊరందరికీ చెప్పాడు మీ ఆయన."

ఇద్దరం పైకి వెళ్లాం. ఆ ఇల్లంటే నాకు రోత. ఎన్నిసార్లు మైనం రాసినా గోడల్లోంచి ఎలకల వాసన వస్తూనే ఉంటుంది. అద్దాల పెట్టెలో మాయెస్త్రో పాలపళ్లు నాలుగు, పసుపెక్కి, మొదట్లో ఎండిన గోధుమరంగు మరకతో. ఇంకో పెట్టెలో ముఖం గీసుకునే కత్తికి అంటుకున్న వెంట్రుకలు. మంచం కింద రాత్రిపూట వాడుకున్న పింగాణీ పాత్ర, లోపల చారతో సహా. దాన్ని తోమొద్దని కమిటీ తీర్మానం. మగవాడు గొప్పవాడైతే వాడి ఉచ్చ చార కూడా వారసత్వమే. మాయెస్త్రోకి చెల్లెలు ఒకతె ఉండేది, అస్సుంతా. అతని ఇల్లు నడిపింది, స్వరాలన్నీ శుభ్రంగా తిరగరాసి పెట్టింది, పెళ్లి చేసుకోలేదు. ఆమె ఫొటో మరుగుదొడ్డికి దారి చూపించే బాణం గుర్తు కింద ఉంది. ఫొటో కింద ఒకే ఒక వాక్యం: 'మాయెస్త్రోతో కలిసి జీవించింది.' ఆమె గది ఇప్పుడు చీపుర్ల గది.

చెల్లెలి పేరు కూడా 'ఎ' తోనే మొదలవుతుందని పదకొండు మంది మగవాళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

చీపుర్ల గదిలో బకెట్ల వెనక ఒక చెక్కపెట్టె ఉంది. మిత్రమండలి ఎప్పుడూ తెరవలేదు, ఆడవాళ్ల సామాను కదా. అందులో పదకొండు నార దుప్పట్లు ఉన్నాయి. ఎ.బి. 1, ఎ.బి. 2, అలా పదకొండు దాకా. మడతలు విప్పినట్టు కూడా లేవు. మడత గీతల దగ్గర బట్ట పసుపెక్కి చిట్లిపోతోంది. అన్నిటి కిందా పన్నెండోది. దాని మధ్యలో, సరిగ్గా అక్షరాల మీద, గోధుమరంగులో ఇస్త్రీపెట్టె ముద్ర.

ఆ ముద్ర నాదే. మూడేళ్ల కిందట, ఇలాగే ముందు రోజు ఇస్త్రీ చేస్తుంటే, "ఆర్జియా, నా కళ్లజోడెక్కడ?" అని ఎర్మెస్ కేకేశాడు. వెళ్లి చూస్తే నుదుటి మీదే ఉంది. తిరిగొచ్చేసరికి పొగ. మర్నాడు పొద్దున్నే ప్రారంభోత్సవం. ఏడుస్తూ బీరువా తెరిచాను. నా పుట్టింటి పేరు బొన్ఫాత్తి. ఆర్జియా బొన్ఫాత్తి. మా అమ్మమ్మ నా సారెకి డజను నార దుప్పట్లు కుట్టింది, ఈ నది ఒడ్డున అమ్మమ్మలందరూ వాడిన అదే నమూనా కాగితం, అదే ఎర్ర దారం. ఎ.బి. 12 తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి ఎర్మెస్ చేతికిచ్చాను. పట్టి పట్టి చూశాడు. "అబ్బ, ఈసారి ఎంత బాగా ఉతికావు! పాతకాలం బట్టే వేరు," అన్నాడు. కాలినదాన్ని తెచ్చి అస్సుంతా పెట్టెలో దాచాను. పొగ వాసన పట్టేసిన నివెస్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

కాబట్టి మూడేళ్లుగా పియెవెల్లా ఊరు ఊరంతా వచ్చి టోపీ తీసి చూస్తున్నది నా దుప్పటినే. నిన్న నా భుజం వెనక నిలబడి 'మనది కాదు' అన్న మనిషి ఇరవై నాలుగేళ్లు దాని మీదే పడుకున్నాడు.

మూడింటికి ప్రొఫెసర్ తల్యవీని వచ్చాడు. వేళ్లకి ఉంగరాలు, మెడకి పట్టుగుడ్డ, అత్తరు వాసన. మ్యూజియం వంటింట్లో ఎర్మెస్ అందరి ముందూ కుచ్చుల టోపీ నా తలకి పెట్టి, గడ్డం కింద రిబ్బను కట్టాడు. సంతలో మేకకి గంట కడతారు చూడండి, అలా. టోపీ లోపల ఇంకెవరిదో తల నూనె వాసన.

ప్రొఫెసర్ నన్ను ఎగాదిగా చూశాడు. "బాగుంది, బాగుంది. ఇంకాస్త ఒళ్లుంటే అచ్చం తల్లే."

"అనొలీని తినిపిస్తాం లెండి," అన్నాడు ఎర్మెస్. పదిమందీ నవ్వారు.

"నోరు కూడా ఆ పిండంత మెత్తగా ఉంటే!" అంది చూడటానికి వచ్చిన మా అత్తగారు. ఇంకా నవ్వారు.

పిండి మీద చేతులు వేశాను. పిసకలేకపోయాను. నేను ఇప్పుడు ఇక్కడ కూర్చుంటే వచ్చే ఆదివారం కూడా కూర్చుంటాను, ఆ తరవాతది కూడా. నా ఫొటోకి బాణం గుర్తు కింద ఏ చోట మేకు కొడతారో కూడా కనిపించింది.

ఈలోగా ప్రొఫెసర్‌కి తల్లితో మంచం పక్కన ఫొటో కావాలనిపించింది. అందరం పైకి ఎక్కాం. ఎర్మెస్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు, కన్నీళ్ల నుంచి, పన్నెండో ఏట నుంచి. ప్రొఫెసర్ కళ్లు తడి చేసుకున్నాడు. మంచం పక్కన వంగి, దుప్పటి మడత రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ ఎర్ర అక్షరాల మీద పెదాలు ఆనించాడు.

ఆ దుప్పటి మీద నా కూతురు నెలల పిల్లగా పాలు కక్కింది. అక్కడే, ఆ మడత మీదే, ఎర్మెస్ ఒక చలికాలం ఊపిరితిత్తుల జ్వరంతో మూడు రోజులు వాంతులు చేసుకున్నాడు. సున్నం నీళ్లలో నానబెట్టి నేను ఉతికింది అదే. ఇప్పుడు పట్టుగుడ్డ కట్టుకున్న ఒకాయన దాన్ని కళ్లు మూసుకుని ముద్దు పెట్టుకుంటున్నాడు. మూడేళ్లుగా నేను లోలోపల నవ్వుకుంటూ వచ్చిన విషయమే, ఉన్నట్టుండి నవ్వులా లేదు.

"అలాంటివి ఇంకో పదకొండు చీపుర్ల గదిలో ఉన్నాయి ప్రొఫెసర్ గారూ," అన్నాను. "ఒకటి నుంచి పదకొండు దాకా."

ఎర్మెస్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడు కాదు ఆర్జియా."

కానీ ప్రొఫెసర్ ముఖం వెలిగిపోయింది. "పదకొండా! అంటే ప్రతి పుట్టినరోజుకీ ఒకటి! ఎంతటి తల్లి!" చప్పట్లు మోగాయి. ఎర్మెస్ నా మోచెయ్యి వదిలి తను కూడా కొట్టాడు. నిజం చెప్పినా దాన్ని అయిదు నిమిషాల్లో తమ కొలతకి కత్తిరించుకుంటారు వీళ్లు.

"అవి అస్సుంతా సారె," అన్నాను. "అన్నకి వండి పెడుతూ, స్వరాలు తిరగరాస్తూ ఆవిడ ఒక్కటి కూడా వాడుకోలేదు. ఆవిడ పన్నెండోది కూడా ఆ పెట్టెలోనే ఉంది, మూడేళ్ల కిందట నేను కాల్చాను. ఇక్కడ మీరు ముద్దుపెట్టుకుంటున్నది నాది. ఆర్జియా బొన్ఫాత్తి."

"దీనికి మతి పోయింది," అన్నాడు ఎర్మెస్ అందరి వైపూ తిరిగి. "మెనోపాజ్."

"పోలేదు," అన్న గొంతు మా అత్తగారిది. కర్ర చప్పుడు చేసుకుంటూ మంచం దగ్గరికి వచ్చింది, దుప్పటి అంచుని వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది దీని సారెదే. పెళ్లిరోజున లెక్కపెట్టింది నేనే. పన్నెండేనా అని అన్నాను కూడా. మూడేళ్లుగా బీరువాలో పదకొండే ఉన్నాయి. ఒకటి పోగొట్టుకుంది, ఎప్పుడో ఒకనాడు నలుగురిలో అడుగుదామని ఆగాను." ఆవిడ ముఖంలో నా మీద ప్రేమేమీ లేదు. లెక్క సరిపోయిన తృప్తి, అంతే. ఇరవై ఏడేళ్ల సాధింపులో నాకు పనికొచ్చినది ఇదొక్కటే.

"ఎర్మెస్," అన్నాను, "కింది అంచు, ఎడమ మూల చూడు. నీ సిగరెట్టు కాల్చిన చిల్లు ఉంటుంది. నేను దారంతో అల్లి పూడ్చాను."

అతను వంగాడు. వేలుతో తడిమాడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. నలభై పేజీల పుస్తకం రాసినవాడు ఆ దుప్పటి కుట్టుని వేలితో తడిమి చూడటం అదే మొదటిసారి.

నేను టోపీ రిబ్బను లాగి విప్పాను. టోపీని మంచం కోడుకి తగిలించాను. తరవాత దుప్పటి అంచు పట్టుకుని పరుపు మీద నుంచి లాగాను. ప్రొఫెసర్ చేతుల్లోంచి జారి వచ్చేసింది. పెద్ద దుప్పటిని ఒక్క మనిషి మడవలేదు. నేను తలెత్తి చూసేలోపే, గుమ్మం దగ్గర నిలబడ్డ నివెస్ చేతులు ఏప్రానుకి తుడుచుకుని అవతలి కొసలు అందుకుంది. ఇద్దరం బిగించి లాగాం, దులిపాం. మధ్యలో నిలబడ్డ మిత్రమండలి గోడలకి అంటుకుపోవాల్సి వచ్చింది. సగానికి మడిచాం, మళ్లీ సగానికి. ఒకరి వైపు ఒకరం నడిచి వచ్చాం, కొసలు కొసలకి ఇచ్చుకున్నాం, వెనక్కి అడుగు వేశాం, మళ్లీ నడిచి వచ్చాం. ఆ గదిలో ఎప్పుడైనా ఏదైనా సంగీతంలాంటిది జరిగిందంటే అప్పుడే అనుకుంటాను.

"కాలింది కావాలంటే పరుచుకోండి," అన్నాను. "దుప్పటి అస్సుంతాది, మచ్చ నాది. రెండూ రాసి పెట్టండి. టైపు మాత్రం ఎవరిచేతైనా చేయించుకోండి."

కింద గోడకి ఆనించిన నా సైకిలు బుట్టలో దుప్పటి పెట్టాను. మూడూ నలభై. ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలు ఉన్నాయి. పోప్లార్ల కింద గడ్డి తడిగా ఉంటుంది, ఇవాళ పరుచుకుని కూర్చోవచ్చు.

ఎర్మెస్ మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. వెనకాల కిటికీలో ప్రొఫెసర్, మిత్రులు, అందరి తలలూ. వాళ్లకి వినపడకుండా గొంతు తగ్గించి, "ఆర్జియా, జనం వచ్చేస్తున్నారు. ఇప్పుడు మంచం మీద ఏం పరచాలి?" అని అడిగాడు.

పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో మంచం మీద ఏం పరచాలన్న ప్రశ్న అతనికి రావడం అదే మొదలు. ఇస్త్రీపెట్టె ఏ అరలో ఉంటుందో చెప్పి, సైకిలెక్కాను.